పెరట్లో బోటు

ముత్యాలయ్య గురువుగారికి ఒక అలవాటు. ఎవరు ఏ సందేహం అడిగినా సమాధానం చెప్పరు, చేతికి ఏదో ఒక పని అందిస్తారు. ప్రశ్నతో వెళ్ళినవాళ్ళు పాదు తవ్వో, చాప అల్లో ఇంటికి తిరిగొచ్చేవారు. లోవరాజుకి ఈ సంగతి తెలుసు. తెలిసీ అడిగాడంటే, పాపం, అతనికి ఎంత ఊపిరాడలేదో చూడండి.

"గురువుగారండీ, అంతా సిద్ధమైపోయిందని మనిషికి ఎలా తెలుస్తాదండీ?"

వయసంతా పరాయి బోట్లు నడుపుతూ సరంగుగా గడిపిన మనిషి లోవరాజు. సొంతానికి ఒక ట్రాలరు బోటు ఉండాలని ఇంటి పెరట్లోనే కట్టడం మొదలుపెట్టాడు. ముందు ఎత్తుగా, వెనక వెడల్పుగా, పైన చిన్న గదితో అది వంటపాకని మించి లేచింది. చూసినవాళ్ళందరూ ముచ్చటపడ్డారు. తీరా నీళ్ళలోకి దింపే వేళకి లోవరాజుకి కునుకు కరువైంది. నీళ్ళు దూరకుండా పలకల సందుల్లో నూలు కూరి గుగ్గిలం పూసేవాడు. ఎండకి సందు విచ్చేది. మళ్ళీ కూరేవాడు, మళ్ళీ విచ్చేది. సగం అన్నంలో లేచిపోయి ఎంగిలి చేత్తోనే సుత్తి పట్టుకునేవాడు. పున్నమి పోటు వస్తోందంటే చాలు, ఇంకో సందేహం పుట్టేది.

ఇంటి వెనక ఏటిపాయలో బోటు తేలేటంత నీరు ఏడాదిలో ఏ కొద్ది పున్నాలకో ఎక్కుతుంది. ఇక వచ్చేదే ఈ ఏడాదికి ఆఖరు. అదీ దాటిపోతే వేసవంతా ఎండలో నిలబడ్డ పలకలు ఇంక దేనికీ పనికిరావు. భార్య కాసులమ్మ ఆ మాటే మొహాన అనేసింది.

"ఈ పున్నానికి దింపకపోతే ఊడదీసి పొయ్యిలో పెడతాను. కూడైనా ఉడుకుతాది."

లోవరాజు వెళ్ళి ఆ ప్రశ్న అడిగిన మర్నాడే గురువుగారు పెరట్లోకి వచ్చారు. బోటు చుట్టూ ఒకసారి తిరిగి, చెయ్యి చాపి లోవరాజు సుత్తి అడిగి తీసుకున్నారు. దాన్ని తన భుజాన ఉన్న గుడ్డసంచిలో వేసుకున్నారు. కాసులమ్మ చంకలోని బిందె లోవరాజుకి ఇప్పించి, "ఏట్లో నీళ్ళు తెచ్చి బోటు లోపల పొయ్యి" అన్నారు.

"ఎన్ని పొయ్యాలండీ?"

"ఆగేదాకా."

పోశాడు. పోసినవి పోసినట్టే కిందికి వచ్చాయి. ప్రతి సందూ ఏడ్చింది. లోవరాజు కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. సుత్తి కోసం తడుముకోవడం, అది లేదని గుర్తొచ్చి మళ్ళీ ఏటికి పరిగెత్తడం. దడి మీంచి పక్కింటి పోతురాజు తల పెట్టాడు.

"ఏం మావా, బోటుని సముద్రంలో వేస్తావనుకుంటే, సముద్రాన్ని బోటులో పోస్తన్నావేంటి?"

"ఏట్లో నీళ్ళు పోస్తే నీకెందుకు నొప్పి? వచ్చి నువ్వో బిందె పట్టు!" అంది కాసులమ్మ.

గురువుగారు మాత్రం నీడన కూర్చుని, ఆమె కూరకని పెట్టుకున్న చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు.

మర్నాడూ పోశాడు. ఎండి ముడుచుకున్న చెక్క నీళ్ళు పీల్చి, మెల్లమెల్లగా ఒళ్ళు చేసింది. పలక పలకని ఒరుసుకుంది. ఒక్కో చుక్కా వెనకబడుతూ, ఆఖరికి ఆగిపోయింది. ఒక్క చోట తప్ప. అక్కడ పలక మేకుల్ని లాక్కుని బయటికి ఉబ్బి ఉంది.

"ఇక్కడ నూలు మరీ దట్టంగా ఉందే! ఎవరు కూరారు?" అన్నారు గురువుగారు.

లోవరాజు తల వంచుకున్నాడు. "నేనేనండీ. భయమేసినప్పుడల్లా అక్కడే కొట్టేవాణ్ణి. ఒక్క చుక్క కూడా దూరకూడదని..."

"చెక్క ఉబ్బడానికి చోటే లేకుండా చేశావన్నమాట."

ఆ అదనపు నూలంతా తనే పీకి, పలకని సర్ది మేకులు దిగ్గొట్టుకునేటంతసేపే సుత్తి అతని చేతికి వచ్చింది. తర్వాత మళ్ళీ సంచిలోకి వెళ్ళిపోయింది.

పున్నమి నాడు పొద్దెక్కాక పోటు వచ్చింది. బోటుకి దారివ్వడానికి కాసులమ్మ వంటపాక తనే పీకించేసింది. తాటిదుంగల మీద దొర్లుతూ బోటు ఏట్లోకి జారింది. ఒక్కసారి మునిగినట్టే వంగి, తేలింది. గట్టు మీద ఈలలు, కేకలు. లోవరాజు మాత్రం లోపల వంగి వెతుకుతున్నాడు. బిందె నీళ్ళు అందని పై పలకల సందుల్లోంచి సన్నగా ధారలు కడుతున్నాయి. అతని పాదాలు తడిశాయి.

"గురువుగారండీ! నీళ్ళొచ్చేస్తన్నాయండీ! ఆ సుత్తి ఇలా ఇసరండీ!"

గురువుగారు సంచి మూతి బిగించి పట్టుకున్నారు.

"తాగనియ్యి నాయనా. ఎన్నాళ్ళ దాహమో దానికి."