ఇసుకలో ఈత నేర్పిన పెద్దసారు

పిల్లలూ, మన ఊళ్లకు ఇంత దూరంలో పెరుగుతున్న మీకు ఈ కథ ఎవరూ చెప్పి ఉండరు. అందుకే చెబుతున్నాను, వినండి.

అడవిలో వాగు ఒడ్డున ఒక బడి. కుందేలు పిల్లలకు అక్కడ ఈత నేర్పాలి. వానాకాలం వాగు పొంగితే బొరియలు మునుగుతాయి. ఈత రాని పిల్ల బతకదు. నేర్పేది బాతు టీచరమ్మ, బడికి పెద్దసారు నెమలి.

"సార్, పిల్లల్ని నీళ్లలోకి దించుతాను," అంది బాతు.

"నీళ్లలోకా? అప్పుడు నేనూ వచ్చి చూడాలిగా! నా పింఛం ఏం కాను? ఇసుకలో బోర్లా పడుకోబెట్టి కాళ్లు ఆడించమనండి. వరస మాత్రం చెదరకూడదు."

"ఇసుకలో ఈతేంటి సార్?"

"ఆర్డరు వేశాక ప్రశ్నలేంటి టీచరమ్మా?"

పరీక్షలో అందరికీ నూటికి నూరు. ఏనుగు ఇన్‌స్పెక్టరు ఆ వరస చూసి మురిసిపోయాడు.

ఆ బడిలో చదివే బుడ్డోడి తల్లి కుందేలమ్మ మాత్రం మురిసిపోలేదు. పోయిన వానలకు పక్క బొరియలో ఒక్కరూ మిగల్లేదు.

"ఒరేయ్ బుడ్డోడా, నీళ్లు ఎలా ఉంటాయిరా?"

"తెలీదమ్మా. సిలబస్‌లో లేవు."

ఆమె తిన్నగా నెమలి దగ్గరికి వెళ్లింది. "పెద్దసారూ, ఇంత మంచి ఫలితాలకు మీకు సన్మానం చెయ్యాలి. మీరు వాగు మధ్య బండ మీద నిలబడండి. పిల్లలే ఈదుకుంటూ వచ్చి దండ వేస్తారు. ఇన్‌స్పెక్టరుగారినీ పిలుస్తాం."

"శాలువా కూడా ఉంటుందా?"

"ఎందుకుండదు సార్!"

నెమలి ఎగిరి బండ మీద వాలాడు. బండ చిన్నది, పింఛం పొడుగు. సగం నీళ్లలో వేలాడింది. పిల్లలు ఒడ్డున వరసగా బోర్లా పడుకుని కాళ్లు ఆడించడం మొదలుపెట్టారు. దండ ఒడ్డునే ఉంది.

"రండర్రా!" అరిచాడు నెమలి.

"ఈదుతున్నాం సార్!"

పింఛం నాని బరువెక్కింది. ఎగరబోయి నెమలి దభీమని నీళ్లలో పడ్డాడు. "కాపాడండర్రా!"

"ఇంకా గట్టిగా ఈదుతున్నాం సార్!" ఇసుక లేచిపోతోంది.

చివరికి బాతు టీచరమ్మే మెడ పట్టుకుని ఒడ్డుకు లాక్కొచ్చింది.

"తప్పంతా పిల్లలదే," దగ్గుతూ అన్నాడు నెమలి.

"మీరు చెప్పినట్టే చేశారు కదండీ," అంది కుందేలమ్మ.

ఒడ్డున నిలబడి ఇదంతా చూసిన ఏనుగుకు సిగ్గేసింది. "రేపటినుంచి పాఠం నీళ్లలో. పెద్దసారు కుర్చీ కూడా నీళ్లలోనే."

ఆ వానలకు బొరియలన్నీ మునిగాయి. బుడ్డోడు ఈదుకుంటూ ఒడ్డెక్కాడు, వాడి వెనకే మిగతావాళ్లూ.

పెద్దసారు కాళ్లు తడవని బడిలో పిల్లలకు ఈత రాదు.

మీ బడిలో మీ పక్కన కూర్చునేవాళ్లకు కూడా ఈ కథ చెప్పండి, ఏ భాషలోనైనా సరే.