వెడల్పు లేని గీత

ఒకానొక రాజ్యంలో వంకర అన్న మాటంటేనే గిట్టని రాజుగారు ఒకరుండేవారు. పేరు ధీరసింహుడు. పాయసంలో జీడిపప్పు వంకరగా ఉందని వంటవాణ్ణి కసిరేంత పట్టుదల ఆయనది.

ఆ రాజుగారికి కోటగుమ్మం నుంచి ఏటి ఒడ్డు దాకా ఏనుగు మీద ఊరేగడానికి ఓ దారి కావాలనిపించింది. ఆస్థాన పండితుడు శంకుభట్టు పటం గీసి పట్టుకొచ్చాడు. కోట దగ్గర ఒక చుక్క, ఏటి దగ్గర ఒక చుక్క, మధ్యన ఒకే ఒక్క గీత.

"రెండు చుక్కల్ని కలిపే సూటిగీత ఒక్కటే ఉంటుంది ప్రభూ! రెండోది బ్రహ్మదేవుడు కూడా గీయలేడు" అన్నాడు.

ఆ ఒక్క గీతా సరిగ్గా పైడమ్మ పాక మీంచీ, ఆమె సున్నపు బట్టీ మీంచీ పోయింది.

పైడమ్మ ఏటిలో గుల్లలేరి, కాల్చి, సున్నం చేసి అమ్ముకునే మనిషి. పదిమందిలో నోరు విప్పాలంటే ఒళ్ళంతా చెమటలు పట్టేవి. ఆ పాకా ఆ బట్టీ పోతే ఇక ఆమె పొయ్యిలో పిల్లి లేవదు. చాలనట్టు, ఆ దారికి నేల మీద ముగ్గు పోసి గుర్తు పెట్టమని కబురు కూడా ఆమెకే వచ్చింది. తన ఇల్లు కూల్చడానికి తనే ముగ్గు పోయాలన్నమాట!

సభలో స్తంభం చాటున నిలబడి, కొంగు వేలికి చుట్టుకుంటూ, ముగ్గు పోసేవాళ్ళెవరైనా అడిగే మాటే అడిగింది.

"గీత ఎంత వెడల్పు పొయ్యమంటారు పంతులుగారూ?"

శంకుభట్టు పొట్ట పట్టుకుని నవ్వాడు. "గీతకు వెడల్పేమిటే పిచ్చిదానా! గీతంటే పొడవొక్కటే. వెడల్పుంటే అది గీత కాదు, చాప!"

సభంతా ఘొల్లుమంది. పైడమ్మ చెవులు ఎర్రబడ్డాయి. అయినా కదల్లేదు.

"అస్సలుండదాండీ?"

"ఆవగింజంత కూడా ఉండదు!"

"విన్నావుగా?" అంటూ రాజుగారు మీసం దువ్వారు. "భట్టుగారి మాటే నా ఆజ్ఞ. వెంట్రుకవాసి ఎక్కువ పోశావో, కొరడా దెబ్బలే!"

"చిత్తం మారాజా" అని పైడమ్మ ఇంటికి బయల్దేరింది. దారి పొడుగునా ఆ మాటే నెమరేసుకుంటూ నడిచింది. గుమ్మంలోకి వచ్చేసరికి ఎందుకో నవ్వొచ్చింది.

మర్నాడు ఊరంతా చూస్తుండగా ఖాళీ గంప చంకనెట్టుకుని వచ్చింది. కోటగుమ్మం దగ్గర నడుం వంచి, గంపలో చెయ్యి పెట్టి, పిడికెడు ఏమీలేనిదాన్ని తీసి ఎంతో ఒద్దికగా నేల మీద పోసింది. అలా పోసుకుంటూ పోసుకుంటూ తన పాక వీధిగుమ్మంలో దూరి, పెరటిగుమ్మంలోంచి బయటికొచ్చి, బట్టీ మీద కూడా ఓ పిడికెడు చల్లి, ఏటి దాకా వెళ్ళి చేతులు దులుపుకుంది.

రాజుగారు ఏనుగు దిగి కళ్ళు చికిలించారు. "ముగ్గేదీ?"

"పోశాను మారాజా. పంతులుగారి కొలతే."

"ఏమీ కనబడదేం?"

"వెడల్పు లేందే ఎలా కనబడుతుంది మారాజా? కనబడేట్టు పోస్తే కొరడా దెబ్బలన్నారు."

శంకుభట్టు చిందులేశాడు. "ఒసే గడుసుదానా! కంటికానేటంతైనా ఉండొద్దూ?"

"అయితే వెడల్పుంటుందా పంతులుగారూ? నిన్న చాప అన్నారే!"

భట్టుగారు ఉంటుందంటే నిన్నటి పాండిత్యం ఏట్లో కలుస్తుంది. ఉండదంటే ముగ్గు సరిగ్గానే పడింది.

"మీ గీత మా ఇంట్లోంచే పోయింది మారాజా. పొయ్యి మీద కుండ కూడా కదల్లేదు. ఇక కూల్చడం దేనికండీ?"

రాజుగారి మీసం వణికింది. నవ్వాపుకోలేక భళ్ళున నవ్వేశారు. అంతలోనే మొహం ముడుచుకున్నారు. "అదంతా సరేనే, నా ఏనుగు నీ పెరటిగుమ్మంలో పట్టదుగా! పక్కనుంచి పోదామంటే దారి వంకరపోతుంది. అది మాత్రం నేనొప్పను."

పైడమ్మ బట్టీ దగ్గర ఓ మేకు దిగేసి, దానికి ఇరవై బారల తాడు కట్టింది. ఈసారి గంప నిండా సున్నం నింపుకుంది. తాడు బిగబట్టి, అడుగడుక్కీ పోసుకుంటూ పాకనీ బట్టీనీ ఓ పక్కనుంచి సగం చుట్టి వచ్చింది. పాకకి ఇవతల సూటిదారిలో మొదలైన గీత, అవతల మళ్ళీ ఆ దారిలోనే కలిసింది. నెలవంకలా తెల్లగా మెరిసింది.

"వంకరంటే తోచినట్టు తిరిగేది మారాజా. ఇదెక్కడా తాడు దాటలేదు. ఎక్కడ నిలబడి కొలిచినా మేకుకి అదే దూరం." కాస్త ఆగి, తల వంచుకునే అంది. "తమ కిరీటమూ గుండ్రమే కదండీ. దాన్నెవరన్నా వంకరన్నారా?"

రాజుగారి చెయ్యి తనకి తెలీకుండానే కిరీటం మీదికి పోయింది. చుట్టూ తడిమి చూసుకున్నారు. ఈసారి నవ్విన నవ్వుకి ఏనుగు రెండడుగులు వెనక్కేసింది.

"భేష్! నా దారి ఇటే పోతుంది. ఏం కావాలో కోరుకోవే పైడమ్మా!"

శంకుభట్టు ఉక్రోషం పట్టలేక గొణిగాడు. "ఓ గీతంత నేలిస్తే చాలు ప్రభూ."

"పంతులుగారి గీత నాకొద్దు మారాజా" అంది పైడమ్మ, కొంగు నోటికడ్డం పెట్టుకుని. "నా తాడు చుట్టినంత ఇప్పించండి, చాలు."

అంతా ఇచ్చేశారు రాజుగారు. ఆ మలుపుకి కిరీటం వంపని పేరొచ్చింది. పాయసంలో జీడిపప్పు మీద మళ్ళీ ఎవరూ తిట్లు తినలేదట. భట్టుగారు మాత్రం సున్నం గంప కనబడితే చాలు, పక్కసందులోకి తిరిగేవారు, ఎంత వంకరైనా సరే.