చుక్క పడని ఇల్లు

సముద్రానికీ ఏటిపాయకీ నడుమ ఒక ఊరుండేది. అక్కడ గాలికి కూడా చెమట పట్టేది. డబ్బాలో పోసిన ఉప్పు తెల్లారేసరికి నీరయ్యేది. ఉతికి ఆరేసిన పంచె ఆరకముందే మళ్లీ మాసిపోయేది.

ఆ ఊళ్లో ఒక ఇంటాయన. ఆయనకి ఒక తాటాకిల్లు ఉంది, ఒక భార్య ఉంది. ఇల్లు కారేది. భార్య ఓర్చుకునేది. ఈ రెండూ ఎప్పటికీ ఇలాగే సాగుతాయని ఆయన నిశ్చింతగా ఉన్నాడు.

ఒక ముసురులో కప్పు సరిగ్గా ఆవిడ తలగడ మీదే కారింది. ఆవిడ లేచి తలగడ పిండి, దాన్ని చంకలో పెట్టుకుని, అవతలి ఒడ్డున ఉన్న అక్కగారింటికి బయల్దేరింది.

“కొత్త కప్పు వేయించాక కబురు పెట్టండి. వచ్చి పాలు పొంగిస్తాను. ఒక్క చుక్క పడిందా, వచ్చిన పడవలోనే వెళ్లిపోతాను. ఇక మళ్లీ రాను” అంది. ఆవిడ మాటంటే మాటే. ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు.

ఆవిడ లేకపోయేసరికి ఆయన అవస్థ చూడాలి. పొయ్యి వెలిగించడం రాక అటుకులు నానబెట్టుకుని తిన్నాడు. లోపలికి వెళ్లబుద్ధికాక అరుగు మీదే పడుకున్నాడు. ఎవరైనా పలకరిస్తే “హాయిగా ఉంది” అనేసి మొహం తిప్పుకునేవాడు. ఆయనకి ఆవిడంటే ప్రాణం. ఆ ముక్క ఆవిడకి తప్ప ఊళ్లో అందరికీ చెప్పాడు.

చివరికి కప్పులు వేసే మేస్త్రీని పిలిపించాడు. తన పనిని ఇంకెవరూ మెచ్చుకోకముందే తనే మెచ్చేసుకునే రకం ఆ మేస్త్రీ.

“ఒక్క చుక్క పడకూడదు” అన్నాడు ఇంటాయన.

“ఆయ్, చుక్కెక్కడిదండీ! నేను రేకు వేశానంటే దోమైనా దారడగాల్సిందేనండి.”

మేస్త్రీ తాటాకంతా పీకేసి రేకు మీద రేకు దిగ్గొట్టాడు. చూరు కింద సందులన్నీ ఇటుకలు పెట్టి పూడ్చేశాడు. రెండు వాలులూ పైన కలిసే కొప్పు దగ్గర తారు దట్టంగా పులిమాడు. కిందికి దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, తను వేసిన కప్పుని తనే చాలాసేపు చూసుకున్నాడు.

ఆ సాయంత్రం ఎప్పటిలాగే పైరగాలి వచ్చింది. చూరు కింద నుంచి దూరి, ఇల్లంతా తిరిగి, కొప్పులోంచి వెళ్లిపోవడం దానికి అలవాటు. ఈసారి ఇటుకకి నుదురు కొట్టుకుంది.

“నేను రోజూ వచ్చేదాన్నే కదా” అంది నుదురు తడుముకుంటూ.

“నీ వెనకే వాన వస్తుంది” అన్నాడు ఇంటాయన.

“వాన నాకు చుట్టం కూడా కాదు.”

“ఏమో, మీ అందరి దారీ ఒకటే” అని ఆయన తలుపు వేసేశాడు. గాలి చిన్నబుచ్చుకుని పక్కింటికి పోయింది.

తర్వాత పెద్ద వానే కురిసింది. రేకుల మీద చప్పుడే తప్ప లోపలికి ఒక్క చుక్క రాలేదు. ఇంటాయన పొడినేల మీద గంతులెయ్యడమొక్కటే తక్కువ. వెంటనే అవతలి ఒడ్డుకి కబురు పెట్టాడు.

ముహూర్తం పొద్దున్నే కుదిరింది. రాత్రంతా కురిసి వెలిసిన ఆకాశం కడిగినట్టుంది. రేకులు ఇంకా చల్లగా ఉన్నాయి. ఆవిడ తలగడతో సహా పడవ దిగింది. సరంగుని అక్కడే ఉండమంది. ఊళ్లో సగంమంది కొత్త కప్పు చూడ్డానికొస్తే, మిగతా సగం ఆవిడ ఉంటుందో లేదో చూడ్డానికొచ్చారు. అందరూ లోపలికొచ్చాక, ఎందుకైనా మంచిదని ఇంటాయన కిటికీలన్నీ మూసేశాడు.

పాలు పొంగాయి. అందరూ “శుభం” అన్నారు. ఆవిడ మొహంలోకి నవ్వు వచ్చింది. పాల ఆవిరీ, అంతమంది ఊపిరీ కలిసి పైకి వెళ్లాయి. దారి కోసం చూశాయి, దొరకలేదు. చల్లటి రేకుని అంటుకుని అక్కడే ఉండిపోయాయి.

మొదటి చుక్క ఆవిడ చేతిమీద పడింది. రెండోది మేస్త్రీ బట్టతల మీద. కాసేపటికి అందరి మీదా పడుతున్నాయి. ఎవరో ఇంట్లోనే గొడుగు విప్పారు. ఒకాయన బయటికెళ్లి చూసొచ్చి, మబ్బు తునకైనా లేదని చెప్పాడు.

ఇంటాయన తారు డబ్బాతో నిచ్చెనెక్కాడు. పైన ఎక్కడా చిల్లు లేదు. అయినా పులిమాడు. కింద చుక్కలు ఇంకా ఎక్కువయ్యాయి. ఆవిడ చెయ్యి తుడుచుకుని తలగడ అందుకుంది.

ఆయన మొహం నిండా తారుతో పరుగున దిగాడు. దుఃఖంలో అనకూడని మాట అనేశాడు.

“నువ్వు లేనన్నాళ్లూ ఒక్క చుక్క పడలేదే!”

అందరూ ఆవిడ వైపు తిరిగారు. మేస్త్రీకి మాత్రం ప్రాణం లేచొచ్చింది.

“అదండీ మాట! అమ్మగారు లేనప్పుడు కప్పు బంగారంలా ఉందండి. తప్పు కప్పుది కాదండి!”

ఆవిడకి కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడే పెదవి మీద ఇంకో చుక్క పడింది. ఆవిడ ఆగింది. నాలుకతో రుచి చూసింది.

“ఇది వాన కాదండీ. పాల వాసన, మీ చుట్ట వాసన వస్తున్నాయి. మనం వదిలిన ఊపిరే మళ్లీ మన మీద పడుతోంది.”

“అయితే నేను ఊపిరి పీల్చను” అన్నాడు ఇంటాయన.

నిజంగానే బిగబట్టాడు. బుగ్గలు ఉబ్బాయి, కళ్లు బయటికొచ్చాయి, తారు లేనిచోటల్లా మొహం ఎర్రబడింది. నవ్వుతున్నవాళ్లు నవ్వడం మానేశారు. ఆవిడ తలగడ వదిలేసి వచ్చి ఆయన భుజాలు పట్టుకుని ఊపింది.

“వదలండి! వదలండంటే! మీరే లేకపోతే ఈ రేకులు నేనేం చేసుకోను?”

ఆయన ఒక్కసారిగా ఊపిరి వదిలాడు. ఆవిణ్ణి చూశాడు, కప్పుని చూశాడు. మూలనున్న గునపం తీసుకుని మళ్లీ నిచ్చెనెక్కాడు. మేస్త్రీ ఆయన కాలు పట్టుకుని వేలాడాడు.

“వద్దండీ! చిల్లు పెడితే వానొచ్చేస్తుందండీ!”

“రానీవయ్యా. బయటి వానకి ఓ కాలమంటూ ఉంటుంది” అని కొప్పు మీద ఒక్క పోటు పొడిచాడు. ఆవిరి తెల్లగా పైకి లేచి పోయింది.

ఆవిడ గుమ్మంలోకి వచ్చి, ఏటివైపు తిరిగి, “నేను రావట్లేదని మా అక్కకి చెప్పు!” అని సరంగుకి కేకేసింది.

మేస్త్రీ ఆ అవమానం మరిచిపోలేదు. ఇప్పటికీ ఎవరైనా పిలిచి ఒక్క చుక్క పడని కప్పు కావాలంటే, టేపు తీయకముందే ఒక మాట అడుగుతాడు.

“ఇంట్లో మనుషులుంటారాండీ?”

“ఉండరూ మరి! నేనూ, మా ఆవిడా.”

మేస్త్రీ నిట్టూరుస్తాడు.

“అక్కడే వస్తోందండీ చిక్కు.”