గడపకో పేజీ

దస్తగిరి పేజీలన్నీ తయారై నెల దాటింది. కాగితం మీదికి మాత్రం ఒక్కటీ రాలేదు.

దర్గాలో ఫకీరు గౌస్ సాహెబు దగ్గర శిష్యుడిగా చేరకముందు అతను టౌనులో ఒక ఫొటో స్టూడియోలో పెళ్ళి ఆల్బములు డిజైన్ చేసేవాడు. చేతిలో పనితనం ఉంది. ఆ సంగతి అతనికి కాస్త ఎక్కువగానే తెలుసు. మల్లెలగొంది ఊరు రిజర్వాయరులో మునిగి, జనం మూడు కాలనీలకు చెదిరిపోయాక, ఇంటింటికీ తిరిగి వాళ్ళ ఫోన్లలో మిగిలిన ఫొటోలన్నీ పోగుచేశాడు. లాప్‌టాప్‌లో ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ కూర్చాడు. ఆ ఇంటి గోడ రంగే పేజీకి అంచు, ఆ వాకిట్లో వేసిన ముగ్గే మూలలకు అలంకారం. చూసినవాళ్ళు నోరెళ్ళబెట్టారు.

ఈరమ్మకే చూడటం చేతకాలేదు. ఫోను తెర మీద తన గడప కనిపించగానే ముసలామె ఆబగా చెయ్యి వేసింది. బొమ్మ జారిపోయి ఇంకెవరిదో ఇల్లు వచ్చింది. మళ్ళీ వేస్తే అదీ పోయింది.

"ముట్టుకుంటే పారిపోయేది నా ఇల్లెట్లయితాది నాయనా?" అంది. "నా చేతిలో పెట్టు. ఉరుసుకే పెట్టు. పైఏటికి నేనుంటానో లేదో."

పెడతానని మాటిచ్చి దస్తగిరి ఇరుక్కున్నాడు. అతని మనసులో ఉన్నది దళసరి మెరుపు కాగితం, తోలు అట్ట, మొదటి పేజీలో బంగారు అక్షరాలతో ఊరి పేరు, దాని కింద తన పేరు. ఆల్బమ్ వేసేవాళ్ళు చెప్పిన ధర వింటే దర్గా హుండీ కూడా దడుచుకుంటుంది. మామూలు కాగితం మీద వేయించరాదా అని ఎవరో అన్నందుకు రెండు రోజులు వాళ్ళతో మాట్లాడలేదు.

దర్గాలో ఏటేటా జరిగే ఉరుసు దగ్గరపడింది. ఒక శుక్రవారం పొద్దున్నే గురువు దగ్గరికి వెళ్ళి, దాతలను పట్టుకుని పైఏటి ఉరుసుకు వేయిస్తానని చెప్పాడు.

"చేస్తే నిండుగా చెయ్యల్ల తాతా. లేకుంటే చెయ్యకూడదు."

గౌస్ సాహెబు లేచి దర్గా లోపలికి నడిచాడు. గోరీ మీద నిన్న కప్పిన పూల చాదరును అంచులు పట్టి ఎత్తి, శిష్యుడి రెండు చేతుల మీదా పరిచాడు. మామూలుగా ఆ పూలు ఆయనే బయట పంచేవాడు.

"ఇయ్యాల నువ్వు ఇచ్చి రా. బాగా అల్లినారు, తెంపొద్దు."

బయట జనం కాచుకుని ఉన్నారు. దస్తగిరి రాగానే చేతులన్నీ చాచారు. అతను చాదరు ఎత్తుకుని నిలబడ్డాడు. ఒకరి వైపు తిరిగితే ఇంకొకరి ముఖం చిన్నబోతోంది. నీళ్ళు చల్లిన పూల బరువుకు భుజాలు లాగుతున్నాయి. వెనక్కి చూస్తే గురువు అసలు ఇటు చూడటమే లేదు, పావురాలకు గింజలు వేస్తున్నాడు.

చాచిన చేతుల్లో ఈరమ్మవీ ఉన్నాయి. "ఎంతసేపు మోస్తావు నాయనా," అంది.

అతను దారం పుటుక్కున తెంపాడు. రెప్పపాటులో చాదరు కరిగిపోయింది. కళ్ళకద్దుకున్నవాళ్ళు, కొప్పులో పెట్టుకున్నవాళ్ళు, ఇంట్లో మంచాన ఉన్నవాళ్ళ కోసం కొంగున ముడేసుకున్నవాళ్ళు. ఈరమ్మ రెండు పూలు పుచ్చుకుని, ఒకటి పక్కింటి ఎల్లమ్మకని చెప్పి మరీ వెళ్ళింది. దస్తగిరి చేతిలో ఉత్త దారాలు మిగిలాయి.

వాటిని చూస్తూ ఉన్నట్టుండి నవ్వుకున్నాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది తన పని. ఎనిమిది పాస్‌పోర్టు ఫొటోలు ఒకే కాగితం మీద వేసి కత్తిరించి ఇవ్వడం స్టూడియోలో అతను మొదటి రోజు నేర్చుకున్న విద్య.

ఆ మధ్యాహ్నమే పెళ్ళి పత్రికలు వేసే ప్రెస్సుకు పోయాడు. పెద్ద షీటు మీద ఒక బొమ్మ వేసినా నాలుగు వేసినా అక్కడ ఖర్చు ఒకటే. ముహూర్తాలు అయిపోయి పత్రికల అట్ట మిగిలి ఉంటే కారుచౌకగా ఇచ్చారు. లేత పసుపు అట్ట, గట్టిది, ముసలి చేతుల్లో నలగదు. షీటుకు నాలుగు ఇళ్ళు అమర్చుకుంటూ వస్తే చివర ఒక ఇల్లు మిగిలిపోయింది. బంగారు అక్షరాల పేజీ తీసేసి ఆ ఇంటిని అక్కడ పెట్టాడు. ప్రెస్సు కత్తెర కిందనుంచి పేజీలు పలకంత పలకంత ముక్కలై వచ్చాయి.

ఉరుసు నాడు మూడు కాలనీల జనమూ వచ్చారు. ఎవరి పేజీ వాళ్ళకు చేరింది. ఈరమ్మ తన గడప మీద వేలు పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. ఇల్లు కదల్లేదు.

ఆమె దాన్ని గుండెకు హత్తుకుని ఊరుకుంటే కథ అక్కడితో అయిపోయేది. ఊరుకోలేదు. దర్గా ముందు ఊడ్చిన నేల మీద పేజీ పెట్టి, ఎల్లమ్మ ఇల్లేదని అడిగింది. ఎల్లమ్మ వచ్చి తన పేజీని ఎడమ పక్కన పెట్టింది. ఎదురింటివాళ్ళు ఎదురుగా పెట్టారు. సందు ఇక్కడ తిరుగుతుందని ఒకరు, కాదు బావి దాటాక తిరుగుతుందని ఇంకొకరు వాదులాడుకున్నారు. బావి ఉన్నచోట ఎవరో చెంబెడు నీళ్ళు పెట్టారు. గాలికి ఎగరకుండా పిల్లలు మూలల మీద గులకరాళ్ళు పెట్టారు. వీధి వెంబడి వీధి లేచి, నీళ్ళ కింద ఉన్న మల్లెలగొంది ఎండలోకి వచ్చి కూర్చుంది. తప్పెట్లు మోగాయి. దస్తగిరికి ఒళ్ళంతా పులకరించి కళ్ళు నిండిపోయాయి. తోలు అట్టల మధ్య ఈ ఊరు ఎక్కడ పట్టేది?

అప్పుడు గౌస్ సాహెబు లేచాడు. మునక్కముందు గురువారం గురువారం ఆయన ఆ ఊళ్ళో జోలె పట్టేవాడు. మొదటి గడప ఈరమ్మదే. ఇప్పుడూ చెప్పులు విడిచి, వీధి మధ్యగా నడిచి, ఆమె పేజీ ముందు ఆగి జోలె చాచాడు.

"అమ్మా, ఫకీరొచ్చినాడు."

ఈరమ్మ తడుముకోలేదు. ఉరుసులో పంచిన మలీదా ప్రసాదం కొంగున ఉంటే విప్పి, దోసిలి నిండా జోలెలో పోసింది.

"శానా దినాలకొచ్చినావు సామీ," అంది. "గడప కాడ్నే నిలబడితే ఎట్ల, లోపలికి రా."

ఆ పక్కన ఒక పేజీ మూల గాలికి లేస్తుంటే సర్దుదామని దస్తగిరి గబగబా వచ్చాడు. గురువు చెయ్యి అడ్డం పెట్టాడు.

"చెప్పులు విడువు నాయనా," అన్నాడు. "ఇంట్లోకి వస్తాండావు."