రాగి కంకి పిడికిలి

ఒకప్పుడు రాగి కంకి అరచెయ్యి తెరిచి చాపినట్టు ఉండేది. వేళ్లన్నీ విచ్చుకుని, గింజలు పైకి కనబడుతూ, ఎవరికి కావాలంటే వాళ్లు దులుపుకునేట్టు ఉండేది. ఇప్పుడు అలా లేదు. ఎందుకు లేదో చెబుతాను. చాలా చిన్న కథ. మీ నోట్లో బెల్లం ముక్క కరిగేలోపు అయిపోతుంది.

అయితే రాగి సంగతి చెప్పాలంటే ముందు తిప్పక్క సంగతి చెప్పాలి. తిప్పక్క సంగతి చెప్పాలంటే ఆమె మొగుడు పుల్లన్న మీసం సంగతి చెప్పాలి. ఆ మీసం రెండు వైపులా ఒకే పొడవు ఉండేది కాదు. ఈ మాట ఆయనకు తప్ప ఊళ్లో అందరికీ తెలుసు. సరే, మీసం వదిలేద్దాం.

ఆ మెట్ట ఊళ్లో అందరూ రాగి సంగటే తినేవాళ్లు. ఒకరోజు తిప్పక్క ఇంటికి ఏటి అవతలి నుంచి చుట్టాలు వచ్చారు. ఏటి అవతల వరి పండుతుంది. వాళ్లు విస్తట్లో సంగటి ముద్ద చూసి, "ఇదేంటి, ఇంత నల్లగా ఉంది?" అన్నారు.

తిప్పక్క నలభై ఏళ్లుగా సంగటి తింటోంది. అది నల్లగా ఉందని ఆమెకు ఆ రోజే తెలిసింది.

తర్వాత ఎప్పుడు చుట్టాలొచ్చినా ఆమె సంగటి కుండ మీద బుట్ట బోర్లించేది. ఏటి అవతలి నుంచి వడ్లు తెప్పించి తెల్లన్నం వండి పెట్టేది. ఇది చూసి ఊరంతా బుట్టలు కొన్నారు. బుట్టలల్లే వాళ్లకు ఆ నెలంతా తీరిక లేదు.

బుట్ట కింద చీకట్లో సంగటి ఒక్కతే కూర్చునేది. బయట నవ్వులు వినబడేవి. "ఇంకొంచెం వేసుకో మామా" అనే మాటలు వినబడేవి. ఆ రోజుల్లో కుండలో సంగటి విన్నదల్లా చేలో కంకికీ వినిపించేది. కంకి చెయ్యి చాపుకుని ఊరి వైపు చూసేది.

కొన్నాళ్లకు చుట్టాలు రాని రోజుల్లో కూడా సంగటి మానేశారు. "ఏమో, ఎవరైనా వస్తే?" అని.

ఒకసారి దంచిన బియ్యం తెల్లగా లేదని మూడుసార్లు దంచడం మొదలుపెట్టారు. వరిగింజ మొత్తుకుంది.

"అమ్మా, ఆ పైపొర తియ్యకండి! నా బలమంతా అందులోనే ఉంది!"

"నీకేం తెలుసు, ఊరుకో," అని తిప్పక్క ఇంకో పోటు వేసింది.

బలమంతా తవుడై రాలింది. తవుడు గేదె తొట్లోకి వెళ్లింది. ఏడాది తిరిగేసరికి గేదె కంచె దూకుతోంది. పుల్లన్నను అరుగు మీది నుంచి లేపడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు.

"ఎంత మంచి మనుషులో!" అంది గేదె నెమరు వేస్తూ. "మంచిదంతా ఏరి ఏరి మాకే పెడుతున్నారు."

"నాకు గాలి పడలేదు," అనేవాడు పుల్లన్న.

"నేనేం చేశాను?" అని గాలి నొచ్చుకుంది.

చేలో రాగి దారిన పోయేవాళ్లందరికీ చెయ్యి చాపేది. "నన్ను తీసుకెళ్లండి, నన్ను తీసుకెళ్లండి," అనేది. వాళ్లు అటు చూడకుండా వెళ్లిపోయేవాళ్లు. పిచ్చుకలు వచ్చేవి, తినేవి, ఎగిరిపోయేవి. వాటిని తోడు అనుకోవడానికి లేదు. నోటినిండా గింజలు పెట్టుకుని ఎవరూ మాట్లాడలేరు కదా.

ఊరి చివర ఓబులమ్మ అనే అవ్వ ఉండేది. ఆమె ఇంటికి ఎవరూ వచ్చేవాళ్లు కారు. అందుకని ఆమెకు బుట్ట అవసరం పడలేదు. ఆమె రోజూ గుప్పెడు గుప్పెడు కంకులు దులుపుకుపోయి సంగటి కెలికేది. పక్కన ఆకుకూర పప్పు, కాస్త చెనిక్కాయల పచ్చడి, గ్లాసుడు మజ్జిగ. డెబ్బై ఏళ్ల మనిషి, రెండు బిందెలతో నీళ్లు మోసేది.

"ఆమెకేం, ఏ చింతా లేదు. అందుకే అంత గట్టిగా ఉంది," అనేది తిప్పక్క. ఓబులమ్మకు చింత పడడానికైనా దగ్గర ఒక మనిషి లేడన్న సంగతి తిప్పక్కకు తట్టలేదు.

ఓబులమ్మ ముద్దను ముందు పెట్టుకుని దాంతో మాట్లాడుతూ తినేది.

"ఏమ్మే, ఈరోజు ఎండ చూశావా?"

"చూశానవ్వా. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి?"

"నువ్వుండగా వాటికేం?"

ఒకరోజు రాగి అడిగింది. "అవ్వా, నీ ఇంటికి ఎవరైనా వస్తే నన్ను దాస్తావా?"

"నా ఇంటికి వచ్చేదెవరే?"

"వస్తే?"

"వస్తే నిన్నే ముందు విస్తట్లో పెడతాను. ఇదే నా తోడు, ఇన్నేళ్లు నన్ను నిలబెట్టింది ఇదే అని చెబుతాను."

ఆ రోజు చేలో రాగి వేళ్లు ఇంకా వెడల్పుగా విచ్చుకున్నాయి. దానికి కావలసింది అదొక్కటే. ఒక్కసారి చుట్టం ముందు కూర్చోవాలి. ఆ రోజు కోసం ఎదురుచూడడం మొదలుపెట్టింది.

మూడేళ్లు గడిచాయి. నాలుగో ఏడు ఏటి అవతలి నుంచి ఓబులమ్మ తమ్ముడు కంబగిరి వచ్చాడు. ఇరవై ఏళ్ల తర్వాత రావడం. చేతికర్ర పట్టుకుని, అడుగుకోసారి ఆగుతూ వచ్చాడు. ఆయన్ను వాళ్ల ఊరి వైద్యుడు పంపించాడు. "తెల్లన్నం తగ్గించు. పొట్టుతో ఉన్న గింజ తిను, ఆకుకూర తిను, రాగి సంగటి తిను, కాస్త నడువు," అన్నాడు. సంగటి వండే ఇల్లంటే కంబగిరికి అక్క ఇల్లొక్కటే గుర్తొచ్చింది. కానీ నోరు తెరిచి అడిగితే అక్కకు తెల్లన్నం పెట్టే తాహతు లేదని ఎత్తి చూపినట్టుంటుందని ఊరుకున్నాడు.

ఓబులమ్మ తమ్ముణ్ని చాప మీద కూర్చోబెట్టింది. తిప్పక్క ఇంటికి పరుగెత్తింది.

"వదినా, ఒక మానెడు తెల్లబియ్యం ఇవ్వు. మా ఇంటికి చుట్టం వచ్చాడు!"

"మీ ఇంటికా? చుట్టమా?" అంది తిప్పక్క. బియ్యం ఇచ్చి, నమ్మకం కుదరక తనూ వెంట వచ్చింది. ఇంకో ముగ్గురు ఆడవాళ్లు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

పొద్దున వండిన సంగటి మూల కుండలో ఉంది. పిలుపు కోసం చూస్తోంది.

విస్తట్లో తెల్లన్నం పడింది. కంబగిరి ముక్కు ఎగబీల్చాడు. "అక్కా, ఎక్కడో సంగటి వాసన వస్తోందే?" అన్నాడు ఆశగా.

ఓబులమ్మ గుమ్మం వైపు చూసింది. నలుగురూ ఇటే చూస్తున్నారు.

"మా ఇంట్లో సంగటా?" అంది. "ఆ గింజ మొహం చూసి పదేళ్లయింది నాయనా. పక్కింటివాళ్లు ఏదో కెలుకుతున్నట్టున్నారు."

పక్కన ఇల్లు లేదు. ఆ సంగతి గుమ్మంలో ఎవరూ ఎత్తలేదు.

చేలో కంకి ఆ మాట విన్నది. ఒక వేలు ముడుచుకుంది. తర్వాత ఇంకోటి. తర్వాత అన్నీ.

కంబగిరి తెల్లన్నం తిన్నాడు. "మల్లెపూలలా ఉంది అక్కా," అన్నాడు. ఓబులమ్మ కళ్లు తుడుచుకుంది. ఆయన కర్ర తీసుకుని బయల్దేరాడు.

దారిలో రాగి చేను దగ్గర ఆగాడు. ఎవరూ చూడడం లేదని నిర్ధారించుకుని కంకి పట్టుకున్నాడు.

"నీకోసమే వచ్చాను తల్లీ. అడగడానికి సిగ్గేసింది. నాలుగు గింజలివ్వు."

కంకి తెరుచుకోలేదు. గోటితో లాగి చూశాడు. రాలేదు. ఏటి వైపు నడిచి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ ఊరు రాలేదు.

ఓబులమ్మ సాయంత్రం కుండ దింపుకుని కూర్చుంది. తమ్ముడికి జుట్టు నెరిసిందని చెప్పింది. ముద్ద పలకలేదు. మర్నాడూ పలకలేదు. ఆమె రోజూ తింటూనే ఉంది, రెండు బిందెలతో నీళ్లు మోస్తూనే ఉంది. రాగి బలం ఇవ్వడం మానలేదు. మాట్లాడడం మానేసింది.

అప్పటినుంచే రాగి కంకి వేళ్లు ముడిచి పిడికిలి బిగించుకుని ఉంటుంది. కర్రతో కొడితే తప్ప గింజ వదలదు.