నక్క కట్టుకెళ్లిన చద్దిమూట

మంగతాయారు ఫోనులో ఒక దొడ్డి ఉంది. కరెంటు పోతే గానీ ఆ దొడ్డిలో తెల్లారదు.

మంగతాయారు టైలరు. కరెంటు ఉన్నంతసేపూ మోటారు మిషను మీద జాకెట్లు కుడుతూనే ఉంటుంది. కరెంటు పోయిందంటే మిషను ఆగుతుంది. ఆమె మెడలో టేపు సర్దుకుని, ఫోను తీసి, జంతువుల ఆట తెరుస్తుంది. అప్పుడు దొడ్డి నిండా వెలుగొస్తుంది. ఆమె ఇన్నాళ్లూ పోగేసిన ఇరవై మూడు జీవాలూ ఒళ్లు విరుచుకుని లేస్తాయి. ఆకాశంలోంచి ఒక వేలు దిగుతుంది. సూది పోట్ల మచ్చలున్న బొటనవేలు. ఆ జీవాలకి దొరా, దేవుడూ అన్నీ అదే.

ఆ వేలిని చూసినప్పుడల్లా చుక్కన్నకి ఒళ్లు పులకరించేది. చుక్కన్న ముసలెద్దు. ఆట మొదలెట్టిన రోజున ఉచితంగా వచ్చినవాడు. జీవాల విలువ నెత్తిమీది నక్షత్రాల్లో ఉంటుంది. చుక్కన్నకి ఉన్నది ఒక్కటే. కొమ్ము విసిరితే దోమకి కూడా తగలదు. వచ్చిన విద్యల్లా ఒకటే, అడ్డం నిలబడటం. అంటే పక్కవాళ్ల మీద పడే దెబ్బని తన ఒంటిమీద కాచుకోవడం. ఆ విద్యతో ఎవరికీ పని పడక, ఏడు నెలలుగా కంచె పక్కనే నిలబడి ఉన్నాడు.

ఆ దొడ్డిలో పైకి ఎవరూ మాట్లాడని ఆచారం ఒకటుంది. నడిమధ్య ఒక రాతితొట్టి. పెద్ద జీవం తన నెత్తిమీద ఎర్రబుడగ ఊదుకుంటే ఆకలేసిందని అర్థం. వేలు దిగుతుంది, ఒక చిన్న జీవాన్ని ఎత్తి తొట్టిలో వేస్తుంది. కాస్త పొగ లేస్తుంది. ఆపైన చిన్నది కనపడదు, పెద్దదానికి బలం పెరుగుతుంది. మొన్న నత్త అలాగే పోయింది, నిన్న కుందేలు పోయింది. ఒంటి నక్షత్రం వాళ్లలో ఇక మిగిలింది ఇద్దరే. ఒకడు చుక్కన్న, ఇంకొకతె పేరమ్మ అనే కోడి.

తింటున్నదంతా తళుకయ్యే. అయిదు నక్షత్రాల నక్క. ఒంటి నిండా మెరుపులు. జట్టుకి నాయకుడు కూడా వాడే. మంగతాయారుకి తీరిక తక్కువ కదా, ఒక్కొక్కరినీ ఎంచుతూ కూర్చోదు. జట్టు మీట నొక్కుతుంది. నాయకుడూ, నాయకుడికి దగ్గరగా నిలబడ్డ ఇద్దరూ పోరుకి వెళ్తారు. ఆ రెండు చోట్లూ చిరుతవీ, గద్దవీ. ఇంకెవరైనా అటు వస్తే చిరుత మూతి చిట్లిస్తుంది.

ఇంత గొప్ప జట్టూ కంచె అవతలి కొండవాకిలి దగ్గర ఏడుసార్లు బొక్కబోర్లా పడింది. ఆ వాకిలికి కాపలా ఒక ఇనుపపంది. కొట్టిన ప్రతి దెబ్బకీ దాని మెడమీద ఒక ముల్లు లేస్తుంది. అయిదు ముళ్లూ లేచాయంటే దూకుతుంది. దూకితే జట్టు మొత్తం మట్టిలో కలుస్తుంది. మనవాళ్లు ముగ్గురికి ముగ్గురూ కొట్టేవాళ్లే. రెండు విడతల్లో అయిదు ముళ్లూ లేచేవి.

ఆ మధ్యాహ్నం ఏడో ఓటమి అయింది. వేలు విసుక్కుంటూ పైకి పోయింది, మంచినీళ్లు తాగడానికి కాబోలు. జట్టు దుమ్ము దులుపుకుంటూ దొడ్డిలోకి వచ్చింది. చుక్కన్న మొహమాటపడుతూనే నక్క దగ్గరికి నడిచాడు.

"తళుకయ్యా, ఒక్క మాట. పంది దూకాక ఏం చేస్తుందో చూశావా?"

"దూకాక చూడ్డానికి నేనెక్కడున్నాను? నేలమీద పడున్నాను."

"అదే చెబుతున్నా. దూకాక దానికి రొప్పు వస్తుంది. నాలిక బయటపెట్టి, ఒంటిమీది ఇనుపరేకులన్నీ విప్పుకుని నిలబడుతుంది. లోపలంతా మెత్తటి చర్మమే. 'ఓడిపోయారు' అని అక్షరాలు పడతాయి చూడు, వాటి వెనకాల కనపడుతుంది. ఏడుసార్లూ చూశాను."

"అంటే మేం చస్తుంటే నువ్వు కంచె దగ్గర నిలబడి వేడుక చూస్తున్నావన్నమాట!"

"నన్నెవరూ రమ్మనలేదు కదయ్యా," అన్నాడు చుక్కన్న.

నక్క బుర్ర చురుకైనదే. తోక ఊపడం ఆపి ఆలోచనలో పడ్డాడు.

"అయితే ఆ దూకుడు తట్టుకుని నిలబడే ఒళ్లు కావాలి. నాకు ఆరో నక్షత్రం పడిందంటే తట్టుకుంటాను." ఎద్దుని కొమ్ముల నుంచి గిట్టల దాకా ఒకసారి తేరిపార చూశాడు. "ఆరో నక్షత్రానికి ఇంకొక్క మేత చాలు. మంచి మాట చెప్పావు చుక్కన్నా. రా, ఇలా తొట్టి పక్కకి వచ్చి నిలబడు."

చుక్కన్న ఉపకారం చేద్దామని నోరు విప్పితే ప్రాణం మీదికి వచ్చింది. నక్క నెత్తిమీద ఎర్రబుడగ అప్పటికే ఉబ్బుతోంది.

"తినండి మావయ్యా, శుభ్రంగా తినండి," అంది పేరమ్మ, గింజ ఏరుకుంటూ. "ఆరో నక్షత్రం పడ్డాక గూట్లో రోజంతా పడుకోవాలి కదా, పక్క వేసి పెట్టమంటారా?"

"పడుకోవడమేంటి?"

"మర్చిపోయారా? చిరుతబావకి అయిదో నక్షత్రం పడినప్పుడు రోజున్నర లేవలేదు. మీరు నిద్రలో ఉంటే ఇవాళ్టి పోరుకి నాయకుడెవరో మరి."

చిరుత మీసం దువ్వుకుంది. "ఎవరేంటి, నేను లేనూ?"

నక్క ఎర్రబుడగని గుటుక్కున మింగేశాడు. గొంతు తగ్గించి కోడి పక్కకి జరిగాడు.

"మరెలాగంటావు?"

"పొలానికి వెళ్లేవాడు చద్ది ఇంట్లోనే తినేసి వెళ్లాలని ఎక్కడుంది? కట్టుకుని వెళ్తాడు. మీరూ ఎద్దుని పక్కన పెట్టుకుని వెళ్లండి. గెలిచాక నింపాదిగా తినండి. నేనూ వస్తాను. మీకు గీతలు పడితే ఊదడానికి ఒకళ్లుండాలిగా."

పేరమ్మకి వచ్చిన విద్య అదే. దెబ్బతిన్న చోట ఊదిందంటే గాయం మానుతుంది, దెబ్బలేని ఒంటికైతే సత్తువ చేరుతుంది. నక్కకి మాత్రం అదేమీ తట్టలేదు. ఒక చద్ది బదులు రెండు చద్దులు అనుకున్నాడు. చిరుతనీ గద్దనీ దూరంగా తోలేసి, ఎద్దుని కుడిపక్కా, కోడిని ఎడంపక్కా నిలబెట్టుకున్నాడు.

"పేరమ్మా, నన్ను మూటగట్టి వాడి చేతిలో పెట్టావే," అన్నాడు చుక్కన్న. నిజంగానే మనసు చివుక్కుమంది.

"నోరు మూసుకుని దగ్గరగా నిలబడు. తొట్టిలో నీ విద్య పనికిరాదు. అక్కడ పనికొస్తుంది."

వేలు దిగి జట్టు మీట నొక్కింది. పైనుంచి గొంతు వినపడింది. "అయ్యో రామ, ఎద్దూ కోడీ వచ్చాయేంటి! సర్లే, కరెంటు వచ్చేలోపు ఒక్క ఆట."

కంచె దగ్గర్నుంచి చూడటం వేరు, ఎదురుగా నిలబడటం వేరు. ఇనుపపంది తల ఎక్కడ మొదలైందో, వీపు ఎక్కడ ఆగిందో చుక్కన్నకి అంతుపట్టలేదు. దాని ఒంటిమీది ఒక్కొక్క రేకూ తనంత ఉంది. అది ఊపిరి వదిలితే కొండమీది రాళ్లు దొర్లుతున్నాయి. భయపడాల్సిన మాటే, కానీ ముసలాడికి భయం కన్నా ముందు ఆశ్చర్యం కలిగింది. ఇంతటిదాన్ని చూడకుండానే తొట్టిలోకి పోయేవాణ్ణి కదా అనుకున్నాడు.

నక్క కొట్టాడు. ఒక ముల్లు లేచింది. పేరమ్మ చుక్కన్న మీద ఊదింది, వాడి నెత్తిమీద ప్రాణం ఎంతుందో చూపే పచ్చగీత కాస్త పొడుగైంది. చుక్కన్న దగ్గర ఇంకో మీట లేదు కాబట్టి వేలు వాడి అడ్డు మీటే నొక్కింది. ఈసారి కొట్టేవాడు ఒక్కడే. అందుకని ముళ్లు తాపీగా లేస్తున్నాయి. రెండు విడతల్లో అయ్యేది అయిదు విడతలు పట్టింది. అయిదు విడతలూ కోడి ఊదుతూనే ఉంది. ఎద్దు ఒళ్లు ఎన్నడూ లేనంత నిండింది.

అయిదో ముల్లు లేచింది. పంది దూకింది.

చుక్కన్న కళ్లు మూసుకుని, నాలుగు కాళ్లూ నేలలో దింపి అడ్డం నిలబడ్డాడు. ఆకాశం విరిగి వీపుమీద పడ్డట్టయింది. ఎముకలు కటకటలాడాయి. పచ్చగీత దారప్పోగంత అయింది. తెగలేదు. కళ్లు తెరిచి చూస్తే కాళ్ల కింద నేల అలాగే ఉంది. వెనకాల నక్క ఒంటిమీద చిన్న గీత కూడా లేదు. ఎదురుగా పంది నాలిక వేలాడేసి రొప్పుతోంది, రేకులు టపటపా విచ్చుకుంటున్నాయి.

వేలు గాలిలో ఆగిపోయింది.

"ఓసినీ," అంది పైనుంచి గొంతు, చిన్నగా. "కుట్టు ఇక్కడ విడుతుందా!"

ఆ విడిన చోట నక్క పంజా దిగింది. ఏడు పోరుల్లో ఎన్నడూ వినని కేక వినపడింది. పంది బలంలో మూడోవంతు ఒక్క దెబ్బకి పోయింది.

అప్పట్నుంచి ఆ వేలి తీరే మారిపోయింది. ఇంతకు ముందు టకటకా పొడిచేది. ఇప్పుడు కొలత తీసుకుని కత్తెర పెడుతున్నట్టు మెల్లగా, లెక్కగా నడిచింది. కోడికి ఊదడానికి వ్యవధి ఇచ్చింది, ఎద్దు నిండేదాకా నక్కని ఆపింది, నాలుగు ముళ్ల దగ్గర ఆగి చూసుకుంది. పై నుంచి ఆమె, కింద నుంచి తాము ముగ్గురూ, కలిసి ఒకటే పని చేస్తున్నామని చుక్కన్నకి తెలిసింది. ఏడు నెలల్లో ఆ సంగతి ఎన్నడూ తెలియలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

పంది రెండోసారి దూకింది. రెండోసారీ చుక్కన్న నిలబడ్డాడు. నక్క ఇంకో మూడోవంతు కొట్టాడు.

అంతలో పైన ఫ్యాను తిరిగిన చప్పుడు. కరెంటు వచ్చింది. కంచె దగ్గర జీవాలన్నీ బిక్కచచ్చిపోయాయి. కరెంటు వస్తే వేలు పోతుంది, పోరు రద్దవుతుంది, దొడ్డి చీకటవుతుంది. మళ్లీ వెలుగొచ్చేసరికి ఎర్రబుడగ సిద్ధంగా ఉంటుంది.

"తాయారక్కా, కరెంటొచ్చేసింది, నా జాకెట్టు కుట్టెయ్యి," అంటోంది ఎవరో.

"ఉండవమ్మా కాసేపు! ఇక్కడ ప్రాణాలు పోతుంటే జాకెట్టంటావు," అంది మంగతాయారు.

వేలు కదల్లేదు. మిషను మోగలేదు. అలాంటిది ఆ దొడ్డి పుట్టాక జరగలేదు.

కానీ పేరమ్మకి ఊపిరి అయిపోయింది. చుక్కన్న పచ్చగీత సగానికే ఆగింది. నక్కకి ఇంకొక్క దెబ్బకే దమ్ముంది. అయిదో ముల్లు లేస్తోంది. తళుకయ్య మొదటిసారి ఎద్దు భుజానికి ఆనుకుని నిలబడ్డాడు. మెరుపులన్నీ వణుకుతున్నాయి.

"చుక్కన్నా, నిలబడగలవా?"

"నాకు వచ్చింది అదొక్కటే కదయ్యా."

పంది దూకింది. ఈసారి పచ్చగీత తెగింది. చుక్కన్న ముందుకాళ్ల మీద కూలిపోతూ కూడా పక్కకి పడలేదు, అడ్డంగానే పడ్డాడు. వాడి మీదుగా నక్క ఎగిరి విడిన రేకుల్లోకి దూరాడు. ఇనుము కుప్పగా రాలింది. వాకిలి తెరుచుకుంది. అవతల ఎవరూ చూడని పచ్చటి మైదానం, దాని మీద ఎండ. కంచె దగ్గర ఇరవై జీవాలూ మెడలు చాచి చూశాయి.

పోరులో పడ్డవాళ్లు దొడ్డిలో లేస్తారు. చుక్కన్న లేచేసరికి నక్క పక్కనే ఉన్నాడు. భయం తీరింది కదా, ఆకలి గుర్తొచ్చింది. ఎర్రబుడగ మళ్లీ ఊదుకున్నాడు.

వేలు దిగింది. తిన్నగా చుక్కన్న మీదికి వచ్చింది. వాడు తల వంచాడు. ఇంత చూశాక పోయినా పర్వాలేదనుకున్నాడు. వేలు వాడి నుదుటిమీద ఆని, అక్కడే ఉండిపోయింది. టిక్కుమని చప్పుడైంది. మెడలో చిన్న ఇత్తడి తాళం. తాళం పడ్డ జీవం ఇక ఎన్నటికీ తొట్టిలోకి వెళ్లదు. ఇంకో తాళం పేరమ్మ మెడలో పడింది. ఆ తరవాత వేలు నక్క పక్కనున్న నాయకుడి జెండాని పీకి ఎద్దు పక్కన పాతింది. ఎర్రబుడగ దానంతటదే తుస్సుమంది.

మర్నాడు కరెంటు పోయి దొడ్డిలో తెల్లారగానే అందరికన్నా ముందు పరిగెత్తుకొచ్చింది తళుకయ్యే. చిరుతని భుజంతో నెట్టి, ఎద్దు కుడిపక్కన చోటు పట్టుకున్నాడు.

"ఏం మావయ్యా, చద్ది కట్టుకొచ్చారా?" అంది పేరమ్మ ఎడంపక్క నుంచి.

నక్క నేలచూపులు చూశాడు. చుక్కన్న కాస్త పక్కకి జరిగి, వాడికి నీడ పడేట్టు నిలబడ్డాడు.

కొట్టినవాడు గెలిచాడంటే, వాడి ముందు ఎవరో నిలబడి దెబ్బ కాచారని గుర్తుపెట్టుకోవాలి.