తాడుకి రెండో కొస

ఎలాసా తన అక్క దేవతను పగలగొట్టి నాలుగు రోజులైంది. మొదటి రోజు సంతోషం పట్టలేక అతనికి తిండి సయించలేదు. తర్వాత మూడు రోజులూ అక్క మొహం చూసి సయించలేదు.

యూదా కొండల్లో రాజుగారి మనుషులు గుట్ట గుట్టా ఎక్కి పాత దేవతల బలిపీఠాలు పడగొడుతున్న కాలం అది. గురువు హషబ్యా దగ్గర రెండేళ్లు చదువుకున్న ఎలాసాకి దేవుడు ఒక్కడేనని గట్టిగా తెలుసు. కొత్తగా తెలుసుకున్నవాళ్లకి తెలిసినంత గట్టిగా తెలుసు. అందుకే అక్క ఇంటికి వెళ్లినప్పుడు పిండికుండ వెనక జానెడు మట్టిదేవత కనబడగానే తీసి గడపరాయికేసి కొట్టాడు.

అక్క నహమాకి నెలలు నిండాయి. అంతకుముందు ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. నొప్పులప్పుడు అక్కడి ఆడవాళ్లు అలాంటి బొమ్మనే పిడికిట్లో బిగించి పట్టుకుంటారు.

"నువ్వు పుట్టినప్పుడు అమ్మ చేతిలో ఉన్నది అదేరా," అంది నహమా. అంతే, తమ్ముడితో మాట్లాడటం మానేసింది.

ఐదో రోజు పొద్దున్నే ఎలాసా గురువు దగ్గరికి వెళ్లాడు. ఆయన మెచ్చుకుంటాడేమోనన్న ఆశ ఇంకా కాస్త మిగిలే ఉంది.

"నేను చేసింది తప్పా గురువుగారూ?"

హషబ్యా మేకవెంట్రుకల తాడు పేనుతున్నాడు. తలెత్తలేదు. "మీ అక్క ఏమంటోంది?"

"ఈసారి బతకనని మా బావతో అందట. ఆ బొమ్మ చేతిలో ఉండగానే ఇద్దరు పోయారు కదా, అది ఒరగబెట్టిందేముంది అని అడిగాను."

"ఆ మాట కూడా అన్నావూ?"

ఆయన గొంతులో కోపం లేదు. అయినా ఎలాసాకి తల ఎత్తబుద్ధి కాలేదు.

ఇంతలో అక్క పొరుగింటావిడ రొప్పుతూ వచ్చింది. నహమాకి నొప్పులు మొదలయ్యాయట. పట్టుకోవడానికి ఏమీ లేక నేలను గోళ్లతో గీరుతోందట.

గురువు తాడు చుట్ట చుట్టి చంకన పెట్టుకుని లేచాడు.

పురిటిగదిలోకి మగవాళ్లు వెళ్లకూడదు. హషబ్యా తాడు ఒక కొస మంత్రసానికి అందించి, "ఆ పిల్ల చేతికివ్వమ్మా," అన్నాడు. రెండో కొస తెచ్చి వాకిట్లో ఎలాసా మణికట్టుకి కట్టాడు.

"ఆ గుంజకి కడితే ఇంకా గట్టిగా ఉంటుంది కదా గురువుగారూ?"

"గుంజ ఆమె బొమ్మని పగలగొట్టలేదు."

మొదటి లాగుడికి ఎలాసా బోర్లాపడ్డాడు. రెండోసారి గోడకి కాళ్లు తన్నిపెట్టి వెనక్కి లాగిపట్టాడు. లోపలినుంచి అక్క గొంతు వినబడింది.

"ఎవరది?"

"నేనే అక్కా."

తాడు మళ్లీ బిగిసింది. తర్వాత, "వదలకురా," అంది.

"వదలనక్కా."

ఎండ నడినెత్తికొచ్చింది. మణికట్టు దగ్గర తోలు లేచిపోయింది. ప్రార్థన చేద్దామనుకున్నాడు గానీ రెండు మాటలనే లోపే తాడు లాగేది. గురువు మధ్యమధ్య ముంతతో నీళ్లు తెచ్చి అతని నోట్లో పోశాడు. పాఠం మాత్రం ఏమీ చెప్పలేదు.

పొద్దు వాలుతుండగా తాడు ఉన్నట్టుండి వదులైపోయింది.

ఎలాసా తన వైపు లాగి చూశాడు. తాడు ఊరికే ఇటు వచ్చేసింది. తలుపు వైపు చూడటానికి భయమేసి కళ్లు మూసుకున్నాడు.

బిడ్డ ఏడ్చింది. ఆ వెనకే నహమా, నీళ్లు ఇంత చల్లగా ఉన్నాయేమిటని మంత్రసానిని కసిరింది. ఆ కసురు విని ఎలాసా వెక్కివెక్కి ఏడ్చాడు.

హషబ్యా పక్కన కూర్చుని ముడి విప్పాడు. చిన్న బుడ్డిలోంచి నూనె తీసి మణికట్టుకి రాశాడు.

"ఉన్న దేవుడు ఒక్కడే నాయనా," అన్నాడు గురువు. "అందుకే మనకి పని ఎక్కువ."